డిస్కు మీద అచ్చైన నాలుగు అంకెలు

నా డిస్కుల సంచి అడుగున నారింజ రంగు డిస్ట్రాయర్ ఒకటి ఉంది. ఇన్నోవా తయారీ, 175 గ్రాముల బరువు, దాని మీద వరుసగా 12, 5, -1, 3 అని నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి. ఉద్యోగరీత్యా నార్త్ కరోలినాలోని షార్లెట్‌కు వచ్చిన మొదటి వేసవిలో, డిస్క్ గోల్ఫ్ అనే ఆట ఒకటుందని తెలిసిన వారానికే దాన్ని కొన్నాను. దుకాణంలో ఏది తీసుకోమంటారని అడిగితే, అందరూ విసిరేది ఇదే, అన్నిటికంటే దూరం పోయేది కూడా ఇదే అని చేతిలో పెట్టారు. మర్నాడు హార్నెట్స్ నెస్ట్ పార్కులో ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరాను. చేయి విడిచిన కాసేపటికే అది ఎడమకు ఒరిగి, యాభై మీటర్లు దాటకుండానే పైన్ చెట్ల మధ్యకు దూరిపోయింది. మళ్ళీ విసిరాను, మళ్ళీ అదే జరిగింది. ఆ వేసవంతా, ఆ తర్వాతి చలికాలమంతా లోపం నా భుజానిదేనని, ఇంకా గట్టిగా విసరడమే దానికి మందని నమ్మి మోచేయి నొప్పి తెచ్చుకున్నాను.

ఆ నొప్పి తగ్గిన తర్వాత నెమ్మదిగా ఏర్పడిన అభిప్రాయాన్నే ఇక్కడ వాదనగా పెడుతున్నాను. డిస్కు మీద ఉండే నాలుగు అంకెలు ఆ డిస్కు గుణాలను నేరుగా చెప్పవు. ఒక నిర్దిష్టమైన వేగంతో విసిరే మనిషి చేతిలోంచి బయలుదేరితే అది ఎలా ఎగురుతుందో మాత్రమే చెబుతాయి. ఆ వేగం లేని వారికి ఆ అంకెలు వర్తించవు. అందుచేత కొత్తవారు, నాలాగా నడివయసులో ఈ ఆటలోకి వచ్చినవారు, నెమ్మదైన డిస్కులు రెండో మూడో తీసుకుని వాటితోనే ఏళ్ళ తరబడి ఆడాలని, అంకెల కంటే చేతికి తెలిసే సంగతులను ఎక్కువగా నమ్మాలని నా వాదన.

ఆట తెలియని వారి కోసం రెండు మాటలు చెప్పాలి. టీ అనే, విసరడం మొదలుపెట్టే చోట నిలబడి, దూరంగా స్తంభం మీద గొలుసులు వేలాడే బుట్టలోకి ఎన్ని తక్కువ విసుర్లలో డిస్కు చేర్చగలమన్నదే ఆట. 1975లో కాలిఫోర్నియాలోని లా కన్యాడా ఫ్లింట్‌రిడ్జ్ దగ్గర ఓక్ గ్రోవ్ పార్కులో ఈ ఆట ఆడే తొలి శాశ్వత మైదానం, అంటే కోర్సు, వెలిసింది. దాన్ని రూపొందించిన ఎడ్ హెడ్రిక్ అంతకుముందు వామ్-ఓ కంపెనీలో ఫ్రిస్బీని మెరుగుపరిచిన మనిషి. గొలుసుల బుట్టకు పేటెంటు పొందిందీ ఆయనే, 1976లో పీడీజీఏ అనే క్రీడా సంఘాన్ని స్థాపించిందీ ఆయనే. 2002లో ఆయన చనిపోయాక, కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులుగా పోశారు. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు గోదావరిలో అస్థికలు కలపడం గుర్తుకొస్తుంది. తనకు ప్రియమైన చోటికే చేరాలన్న కోరిక మనకు పరాయిది కాదు.

హెడ్రిక్ కాలంలో ఆడిన డిస్కులు గుండ్రటి అంచు ఉన్న ఫ్రిస్బీలే. అవి గాలిని నెట్టుకుంటూ పోతాయి కనుక తొందరగా వేగం పోగొట్టుకుంటాయి. 1983లో ఇన్నోవా సంస్థాపకుల్లో ఒకరైన డేవ్ డనిపేస్ అంచును ఏటవాలుగా చెక్కి, గాలిని కోసుకుంటూ పోయే ఈగిల్ అనే డిస్కును తెచ్చారు. బుట్ట దగ్గర వాడే నెమ్మదైన పట్టర్, మధ్య దూరాలకు మిడ్‌రేంజ్, ఇంకా దూరానికి ఫెయిర్‌వే డ్రైవర్, అన్నిటికంటే దూరానికి డిస్టెన్స్ డ్రైవర్ అని ఈనాడు మనం చెప్పుకునే జాతులన్నీ ఆ అంచు ఎంత వెడల్పు, ఎంత పదును, ఎంత ఎత్తున ఉందన్న తేడాల్లోంచే పుట్టాయి. పదును మరీ ఎక్కువైతే ఎవరికైనా తగిలినప్పుడు ప్రమాదం కనుక సంఘం నియమాలు దానికి హద్దు పెట్టాయి. అంచు వెడల్పు 2.6 సెంటీమీటర్లకు మించకూడదు. బరువు కూడా వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాముల లోపే ఉండాలి. 21.2 సెంటీమీటర్ల డిస్కు దాదాపు 176 గ్రాముల దగ్గర ఆగిపోవడానికి ఈ లెక్కే కారణం.

ఇక అంకెల సంగతి. వరుసగా అవి స్పీడ్, గ్లైడ్ (గాలిలో తేలే గుణం), టర్న్, ఫేడ్. ఈ నాలుగింటినీ విడివిడి గుణాలుగా వివరించడం వల్లనే కొత్తవారు తికమక పడతారని నా అనుమానం. నిజానికి చివరి రెండూ ఒకే కారణానికి రెండు కొసలు, మొదటిది ఆ రెండింటికీ తాళంచెవి. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్‌గా విసిరిన డిస్కు, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది. ఎగిరేటప్పుడు గాలి దాన్ని కింది నుంచి ఎత్తుతూ ఉంటుంది కానీ, ఆ ఎత్తే బలం సరిగ్గా డిస్కు మధ్యన పనిచేయదు. వేగంగా పోతున్నంత సేపు అది కాస్త వెనకగా పనిచేసి ముక్కును, అంటే ముందు అంచును, కిందికి వంచాలని చూస్తుంది. వేగం తగ్గి డిస్కు దిగడం మొదలుపెట్టాక అది ముందుకు జరిగి ముక్కును పైకి లేపాలని చూస్తుంది.

తిరగని పలక అయితే ముక్కు వంచి బోర్లా పడిపోయేది. తిరుగుతున్న వస్తువు మాత్రం అలా లొంగదు. చిన్నప్పుడు బొంగరం ఆడినవారికి ఇది అనుభవమే. తిరుగుతున్న బొంగరాన్ని వేలితో ఒక వైపుకు నెడితే అది నెట్టిన వైపుకు కాకుండా దానికి అడ్డంగా మరో వైపుకు ఒరుగుతుంది. డిస్కు కూడా అంతే. ముక్కును కిందికి వంచే బలం దాన్ని కుడివైపుకు ఒరిగేలా చేస్తుంది, ముక్కును పైకి లేపే బలం ఎడమవైపుకు ఒరిగేలా చేస్తుంది. మొదటి ఒరుగుడు టర్న్, రెండోది ఫేడ్. ఎడమచేతి వాటం వారికీ, ఫోర్‌హ్యాండ్ విసిరే కుడిచేతి వారికీ ఇదంతా తలకిందులవుతుంది. ఎక్కువగా కుడికి ఒరిగేదాన్ని అండర్‌స్టేబుల్ అనీ, వేగంగా ఉన్నప్పుడు కూడా ఒరగకుండా చివర్లో గట్టిగా ఎడమకు మళ్ళేదాన్ని ఓవర్‌స్టేబుల్ అనీ ఆటగాళ్ళు పిలుస్తారు.

ఇప్పుడు నా డిస్ట్రాయర్ దగ్గరికి తిరిగి రావచ్చు. దాని టర్న్ -1, ఫేడ్ 3. తగినంత వేగంతో విసిరితే అది ముందు కొద్దిగా కుడికి ఒరిగి, ఆ ఒరుగుడు మీద చాలా దూరం సాగి, చివర్లో వెనక్కి ఎడమకు మళ్ళుతుంది. ఇంగ్లీషు ఎస్ అక్షరంలా సాగే ఆ దారిలోనే దాని దూరమంతా ఉంది. అగ్రశ్రేణి ఆటగాళ్ళు గంటకు 110 కిలోమీటర్లు దాటిన వేగంతో విసురుతారు. నేను ఇప్పటికీ 80 దగ్గరే ఉన్నాను. ఆ వేగానికి డిస్ట్రాయర్‌కు ముక్కును కిందికి వంచే దశ రానే రాదు. అది బయలుదేరిన నిమిషం నుంచే తన ప్రయాణపు రెండో సగంలో ఉంటుంది. అంటే నాకు మాత్రం అది 12, 5, -1, 3 కాదు, ఎడమకు మళ్ళడం తప్ప మరేమీ తెలియని డిస్కు. స్పీడ్ అనే అంకె డిస్కు ఎంత వేగంగా పోతుందో చెప్పదు. మిగిలిన మూడు అంకెలు నిజం కావాలంటే మనం ఎంత వేగంగా విసరాలో చెబుతుంది. ఈ ఒక్క వాక్యం ఆ రోజు దుకాణంలో ఎవరైనా చెప్పి ఉంటే నా మోచేయి బాగుండేది.

ఇంకో విషయం కూడా చాలామందికి తెలియదు. పీడీజీఏ కొత్త డిస్కును ఆమోదించేటప్పుడు వ్యాసం, ఎత్తు, అంచు, బరువు, వంగే గుణం వంటి కొలతలు చూస్తుందే కానీ అది ఎలా ఎగురుతుందన్న అంకెలకు ముద్ర వేయదు. ఆ నాలుగు అంకెల పద్ధతి ఇన్నోవాది. మిగిలిన కంపెనీలు చాలావరకు దాన్నే అనుసరించి తమ అంకెలు తామే వేసుకుంటాయి. కనుక ఒక కంపెనీ 7 ఇంకో కంపెనీ 7తో సరిగ్గా సరిపోవాలన్న నియమం ఎక్కడా లేదు. ఒకే అచ్చులోంచి వచ్చినవైనా, చల్లారేటప్పుడు వచ్చిన తేడాల వల్ల ఒకటి పైన గుమ్మటంలా ఉబ్బి, ఇంకోటి పళ్ళెంలా చదునుగా ఉండవచ్చు. ఉబ్బినది గాలిలో ఎక్కువసేపు తేలుతుంది, చదునుగా ఉన్నది త్వరగా కిందికి దిగుతుంది. అచ్చులో పైభాగమూ కిందిభాగమూ కలిసే గీత అంచు మీద కాస్త ఎత్తున ఉంటే ఆ డిస్కు మరింత ఓవర్‌స్టేబుల్ అవుతుంది. బొటనవేలి గోరుతో ఆ గీతను తడిమి చూసి ఎంచుకునే పాత ఆటగాళ్ళను చూశాను. మొదట అది చాదస్తం అనుకున్నాను, ఇప్పుడు నేనూ అదే చేస్తాను.

చేతికి తెలిసే సంగతుల గురించి ఎక్కువగా చెప్పాలని ఉంది, ఎందుకంటే వాటిని వేళ్ళకు హాయి, అలవాటు అన్న మాటలతో తేల్చేస్తారు. ఏవియర్ అనే పట్టర్ అంకెలు 2, 3, 0, 1. దాని అంచు వెడల్పు ఇంచుమించు ఒక సెంటీమీటరు. పట్టుకుంటే వేళ్ళు నాలుగూ అంచు లోపలికి పూర్తిగా ముడుచుకుంటాయి, బొటనవేలు పైన నిలుస్తుంది, అరచేతికి డిస్కు గుండ్రదనం ఆనుతుంది. డిస్ట్రాయర్ అంచు రెండు సెంటీమీటర్లు దాటి ఉంటుంది. నా వేళ్ళు పొట్టివి. దాన్ని పట్టుకున్నప్పుడు వేలి కొసలు మాత్రమే లోపలి గోడకు ఆనుతాయి. గట్టిగా పట్టుకోబోతే మణికట్టు బిగుసుకుంటుంది, బిగుసుకున్న మణికట్టు డిస్కును చాలినంతగా తిప్పలేదు, చాలినంతగా తిరగని డిస్కు గాలిలో తడబడుతుంది. అంటే పట్టు సరిగా కుదరకపోవడం ఎగిరే తీరునే మార్చేస్తుంది. ఈ కారణానికే స్పీడ్ 7 దాటిన డిస్కులు కొనేముందు అంకెలు చదవడం మాని, కళ్ళు మూసుకుని పట్టుకుని చూడమని అందరికీ చెబుతాను.

పట్టుకు ముడిపడినదే ముక్కు కోణం. డిస్కు చేయి విడిచేటప్పుడు ముందు అంచు కొంచెం పైకి లేచి ఉంటే అది గాలిలో పైకెక్కి, ఆగి, ఎడమకు జారిపోతుంది. పట్టర్ ఈ తప్పును చాలావరకు క్షమిస్తుంది, వెడల్పు అంచు డ్రైవర్ క్షమించదు. హైదరాబాద్‌లో అల్టిమేట్ (ఫ్రిస్బీని ఒకరికొకరు అందించుకుంటూ జట్లుగా ఆడే ఆట) ఆడి ఇక్కడ చదువుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడు కిందటేడాది మా గుంపులో చేరాడు. అల్టిమేట్‌లో వాడే డిస్కు కూడా 175 గ్రాములే, కానీ దాని వ్యాసం 27 సెంటీమీటర్ల పైన, అంచు గుండ్రంగా ఉంటుంది. పరుగెత్తే స్నేహితుడి చేతిలోకి అది నెమ్మదిగా తేలుతూ చేరాలి కనుక ముక్కు కొంచెం లేపి విసరడం వాళ్ళకు అలవాటు. అతని చేతిలో తిప్పే శక్తి మా అందరికంటే ఎక్కువ. అయినా మొదటి రోజు డ్రైవర్ తీసుకుని విసిరిన ప్రతిసారీ అది ఆకాశంలోకి లేచి వెనక్కి వాలింది. "అన్నా, పదేళ్ళుగా విసురుతున్నా, ఇదేంటి ఇలా పోతోంది?" అని చిన్నబోయాడు. డ్రైవర్ పక్కన పెట్టించి ఏవియర్ ఇచ్చాను. పదో విసురుకు అది బాణంలా డెబ్బై మీటర్లు పోయింది. అతను మారిపోలేదు, అతనికి తెలిసిన విద్యను ఒప్పుకునే డిస్కు దొరికింది, అంతే.

ప్లాస్టిక్ గురించి. ఇన్నోవాలో డీఎక్స్ అనేది చవక రకం. చేతికి అంటుకున్నట్టు పట్టు ఇస్తుంది, చెట్లకు తగిలి త్వరగా అరుగుతుంది. ఛాంపియన్ రకం గాజులా పారదర్శకంగా, గట్టిగా ఉంటుంది, ఏళ్ళు గడిచినా ఆకారం నిలబెట్టుకుంటుంది. స్టార్ దానంత మన్నికతోనే మెత్తటి పట్టు ఇవ్వాలని చేసింది. ఒకే డిస్కు ఛాంపియన్‌లో పోసినప్పుడు డీఎక్స్ కంటే ఓవర్‌స్టేబుల్‌గా ఎగరడం మామూలు. కానీ రెండింటి మీదా అచ్చువేసే అంకెలు ఒక్కటే. కరోలినా జూలైలో చెమట పట్టిన చేతికి ఛాంపియన్ అంచు జారిపోతుంది. జనవరి ఉదయాల్లో అదే ప్లాస్టిక్ చలికి బిగుసుకుని రాతిపలకలా తగులుతుంది. పట్టర్‌కు మాత్రం నేను చవక రకం తప్ప మరేదీ వాడను. గొలుసులకు తగిలినప్పుడు మెత్తటి ప్లాస్టిక్ వాటిని పట్టుకుని బుట్టలోకి జారుతుంది, గట్టిది ఎగిరి బయటపడడానికి చూస్తుంది. ఇందులో కొంత నా నమ్మకమే కావచ్చు, కానీ పది మీటర్ల దూరంలో నిలబడి బుట్ట వైపు చూస్తున్నప్పుడు నమ్మకం కూడా చేతిలో ఒక భాగమే.

డిస్కు వయసు అన్నది నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన విషయం. రాక్ అనే మిడ్‌రేంజ్ ఉంది, కొత్త డీఎక్స్ రాక్ అంకెలు 4, 4, 0, 3. మొదట్లో అది నమ్మకంగా ఎడమకు మళ్ళుతుంది. చెట్ల బెరళ్ళకు, కంకరకు తగిలి అంచు మీద గాట్లు పడుతూ పోయే కొద్దీ ఆ మళ్ళడం తగ్గి, ఒక ఏడాదికి నిటారుగా పోవడం మొదలుపెడుతుంది. ఇంకొంత కాలానికి కుడికి ఒరగడం నేర్చుకుంటుంది. క్రికెట్ చూసే తెలుగువారికి దీన్ని వివరించనవసరం లేదు. కొత్త బంతి ఒక రకంగా, నలభై ఓవర్లు దాటిన బంతి ఇంకో రకంగా గాలిలో కదులుతుందని, ఒక పక్కను మెరిపిస్తూ ఇంకో పక్కను గరుకుగా వదిలేసే జట్టు ఆ తేడానే ఆయుధం చేసుకుంటుందని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పాతతరం డిస్క్ గోల్ఫ్ ఆటగాళ్ళు నాలుగైదు రాక్‌లను ఒకదాని తర్వాత ఒకటి వాడి, వివిధ వయసుల్లో ఉన్న అదే డిస్కును సంచిలో మోసేవారు. ఎడమకు కొత్తది, నేరుగా నడివయసుది, కుడికి ముసలిది. పట్టు ఒక్కటే, బరువు ఒక్కటే, చేతికి కొత్త పాఠం లేదు. ఇరవై ఐదు రకాల డిస్కులు కొని ఒక్కొక్క హోల్‌కు, అంటే టీ నుంచి బుట్ట దాకా ఉండే ఒక్కొక్క అంచెకు, ఒక్కొక్కటి వెతుక్కునేవారిని చూసినప్పుడల్లా, ఆ పాత పద్ధతిలో ఎంత వివేకం ఉందో నాకు మరింత స్పష్టమవుతుంది.

మా అమ్మాయికి పదకొండేళ్ళు. తనకు 150 గ్రాముల లెపర్డ్ అనే ఫెయిర్‌వే డ్రైవర్ కొన్నాను. దాని అంకెలు 6, 5, -2, 1. మొదటి నెలలోనే తన విసుర్లు నా డిస్ట్రాయర్‌ను దాటిపోయాయి. ఒకరోజు తాను డిస్కును ఎడమవైపుకు వాల్చి విసిరింది. దాన్ని హైజర్ అంటారు. అది కొంత దూరం పోయాక తనంతట తానే లేచి చదునై, నేరుగా సాగి, చివర్లో మెత్తగా ఎడమకు వాలి నేల మీద కూర్చుంది. "నాన్నా, నేను వంకరగా విసిరాను కదా, అది ఎందుకు తిన్నగా వెళ్ళింది?" అని అడిగింది. కుడికి ఒరిగే గుణం ఎడమ వాలును సరిచేసిందని చెప్పాను. హైజర్-ఫ్లిప్ అనే ఈ విసురు ఈ ఆటలో నాకు తెలిసిన అత్యంత అందమైన దృశ్యం. దాన్ని పదకొండేళ్ళ పిల్ల నెల రోజుల్లో చూడగలిగిందంటే, నేను ఏడాదిన్నర పాటు చూడలేకపోయానంటే, తేడా ఇద్దరి చేతుల్లో ఉన్న డిస్కుల్లోనే ఉంది. ఇరుకైన చెట్ల సందుల్లో సాగే మా ఊరి కోర్సుల్లో ఈ విసురు తెలిసినవారిదే పైచేయి.

గాలి, ఎత్తు కూడా అంకెలను తారుమారు చేస్తాయి. ఎదురుగాలిలో డిస్కుకు సంబంధించినంత వరకు దాని వేగం పెరిగినట్టే, కనుక అది ఎక్కువగా కుడికి ఒరుగుతుంది. మామూలు రోజుల్లో నిటారుగా పోయే నా రాక్ ఎదురుగాలిలో బోర్లా తిరిగి నేలకు కొట్టుకుంటుంది. వెనకగాలిలో దీనికి పూర్తిగా వ్యతిరేకం, అంత త్వరగా కిందికి దిగిపోతుంది కూడా. ఒకసారి బంధువులను చూడడానికి కొలరాడోలోని డెన్వర్ వెళ్ళాను. సముద్రమట్టానికి 1600 మీటర్ల ఎత్తున గాలి పలచన. అక్కడ నా లెపర్డ్ కుడికి ఒరగడమే మరచిపోయింది, ఎత్తి పట్టే గాలి చాలక ముందే దిగిపోయింది. షార్లెట్‌లో మూడేళ్ళుగా నాకు తెలిసిన డిస్కే అక్కడ కొత్త మనిషిలా ప్రవర్తించింది. అయినా రెండో రోజుకే దానితో సర్దుకోగలిగాను. ఎంత మారిందో తెలియాలంటే ముందు దాని అసలు తీరు తెలిసి ఉండాలి. వారానికి రెండు కొత్త డిస్కులు కొనేవారికి ఆ కొలబద్ద ఉండదు.

ఎదుటివారి వాదనలో బలం లేకపోలేదు. డ్రైవర్లన్నీ ఒకటి కాదని, తేలికైన బరువులో, ఎక్కువ టర్న్ ఉన్న స్పీడ్ 9 లేదా 10 డిస్కులు నెమ్మదైన చేతులకు కూడా బాగానే పోతాయని అంటారు. నిజమే, బరువు తగ్గితే డిస్కు తేలికగా ఒరుగుతుంది, తేలికగా తేలుతుంది. మా అమ్మాయి లెపర్డ్ అందుకు సాక్ష్యం. మైదానం లాంటి కోర్సుల్లో ఆడేవారికి ఈ సలహా పనికొస్తుంది కూడా. ఓవర్‌స్టేబుల్ డిస్కులు కొత్తవారికి అసలు వద్దన్న మాటతో కూడా నేను ఏకీభవించను. ఫైర్‌బర్డ్ అనే డిస్కు అంకెలు 9, 3, 0, 4. అది నా చేతిలో అరవై మీటర్లకు మించదు, కానీ ప్రతిసారీ అదే చోట ఎడమకు మళ్ళుతుంది. గాలి హోరుగా ఉన్న రోజున, చెట్టు వెనక చిక్కుకుని పక్కదారి వెతుక్కోవలసిన రోజున అటువంటి ఖాయమైన వంపు ఎంతో విలువైనది. దాన్ని దూరం కోసం కాకుండా ఆ వంపు కోసమే కొనుక్కున్నాను. డిస్ట్రాయర్ విషయంలో నాకు జరిగిన మోసం అక్కడే ఉంది. వంపు ఇచ్చే డిస్కును దూరం ఇచ్చేదని చెప్పి చేతిలో పెట్టారు.

పెద్ద ఆటగాళ్ళంతా 12, 13 స్పీడులు విసురుతారు కదా అన్న ప్రశ్నకు నా జవాబు 2021 ప్రపంచ ఛాంపియన్‌షిప్. ఉటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో చివరి రౌండు, చివరి హోల్. పాల్ మెక్‌బెత్ ఒక్క విసురు ఆధిక్యంలో ఉన్నాడు. అప్పటికే ఐదుసార్లు ప్రపంచ విజేత అయిన అతను పొరపాటు చేస్తాడన్న ఆశ ఎవరికీ లేదు. 247 అడుగుల దూరంలో, అంటే దాదాపు 75 మీటర్ల దూరంలో నిలబడిన జేమ్స్ కాన్రాడ్ అక్కడి నుంచే బుట్టలో వేయాలి. అతను సంచిలోంచి తీసింది ఎన్వీ, స్పీడ్ 3 ఉన్న పట్టర్. అది గొలుసుల్లో పడింది, ఆట సమమైంది, ఆ తర్వాత జరిగిన ప్లేఆఫ్‌లో కాన్రాడ్ గెలిచాడు. ఆ విసురు వీడియో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ప్రపంచస్థాయి భుజబలం ఉన్న మనిషి, జీవితంలో అతిముఖ్యమైన విసురుకు, తన చేయి మాట వినే నెమ్మదైన డిస్కునే నమ్మాడు. అతనికి 75 మీటర్లు చిన్న దూరమే, కనుక పట్టర్ చాలింది అనవచ్చు. నా వంటి వారికి 75 మీటర్లు పెద్ద దూరం, మాకు కూడా పట్టరే చాలుతుందని నా అనుభవం.

కొత్తగా అడిగేవారికి నేను ఇప్పుడు చెప్పేది ఇది. 170 గ్రాముల చుట్టూ ఉన్న డీఎక్స్ ఏవియర్ రెండు కొనండి, ఒకటి విసరడానికి, ఒకటి బుట్టలో వేయడానికి. వాటితో పాటు డిస్క్‌క్రాఫ్ట్ వారి బజ్ ఒకటి తీసుకోండి. దాని అంకెలు 5, 4, -1, 1, మిడ్‌రేంజ్‌లలో అంత నిజాయితీగా పోయేది నేను మరొకటి చూడలేదు. పిల్లలకైతే, భుజం నొప్పి ఉన్నవారికైతే బరువు 150 దాకా తగ్గించండి. మొదటి రెండు నెలలు ఏ హోల్ దగ్గరైనా ఈ మూడే విసరండి. విసిరినది ఎంత దూరం పోయిందని కాకుండా, చేయి విడిచాక ముందు ఎటు ఒరిగింది, ఎక్కడ మళ్ళింది అని చూడండి. పట్టర్ డెబ్బై మీటర్లు నిటారుగా పోవడం మొదలయ్యాక లెపర్డ్ ఒకటి కొనండి, డ్రైవర్ల జోలికి అప్పటిదాకా పోవద్దు.

మా అమ్మాయి లెపర్డ్ ఈ మధ్య బాగా అరిగి, తాను గట్టిగా విసిరినప్పుడల్లా కుడికి దొర్లిపోతోంది. కొత్తది కావాలని అడిగింది. అదే రంగు, అదే బరువు, అదే రకం మరొకటి తెప్పించాను, పాతది పారేయవద్దని చెప్పాను. మా కోర్సులో పదకొండో హోల్ కుడికి తిరుగుతుంది, దానికి ఆ పాతదే కావాలి.